అక్క ఉపవాసం, నా కడుపు

ఆ రోజుల్లో నా ఫోనులో నాలుగొందల పేర్లుండేవి. భోగాపురంలో కొత్త ఉద్యోగం, ఒంటిగది. ఆ నాలుగొందల్లో “మీ మలం కాస్త ఇస్తారా?” అని ఎవరినైనా అడగగలనా అని ఒక సాయంత్రం మొదటి పేరు నుంచి చూసుకుంటూ వెళ్లాను. (ఇలాంటి వెతుకులాట మీకెప్పుడూ రాకూడదు.) ఒక్కరూ తేలలేదు. పేర్లు అయిపోయాక ఏడుపొచ్చింది.

సంగతేమిటంటే, పంటినొప్పికి వాడిన యాంటీబయాటిక్ మాత్రలకి పేగుల్లోని మంచి క్రిములు చచ్చి, చెడ్డది పెత్తనం చేస్తోంది. మందు వేస్తే విరేచనాలు తగ్గేవి, ఆపితే మళ్లీ మొదలు. మూడుసార్లు తిరగబెట్టి, బెల్టుకి కొత్త కన్నం పొడుచుకున్నాక డాక్టరుగారు తేల్చారు. కలుపుమందుకి వరి కూడా పోయింది, కలుపు గింజలు మిగిలాయి, ఇక పక్క మడిలోంచి నారు తెచ్చి నాటాలి అని. ఆ నారు ఆరోగ్యవంతుల మలంలో ఉంటుందట. దాన్ని ఉప్పునీళ్లలో కలిపి, వడగట్టి, గొట్టంతో పెద్దపేగులోకి పంపితే మంచి క్రిములు స్థిరపడి చెడ్డదానికి చోటివ్వవట.

చివరికి శృంగవరపుకోటలో ఉన్న అక్కకి ఫోన్ చేశాను. తను తెచ్చిన సంబంధం కాదన్నానని ఏడాదిగా మాకు మాటల్లేవు. నేను నీళ్లు నములుతూ చెప్పిందంతా విని, “దానికింత నానుస్తావేటిరా? ఎప్పుడు రావాలో సెప్పు” అంది.

పరీక్షలన్నిట్లో అక్క నెగ్గింది. అనుకున్న ఉదయం నేను పేగులు కడిగే మందు తాగి, ఆసుపత్రి మంచమ్మీద సిద్ధంగా ఉన్నాను. అరగంట తర్వాత అక్క ఖాళీ డబ్బాతో బయటికొచ్చింది.

“ఏటీ రాలేదురా. నీకు నయమవ్వాలని రెండ్రోజులై ఉపాసం ఉన్నాను.”

డాక్టరుగారు తల పట్టుకున్నారు. పైగా నాకు తగ్గితేగాని ముద్ద ముట్టనని అమ్మవారికి మొక్కిందట. తను తింటేగాని నాకు తగ్గదు. కాళ్లు పట్టుకున్నంత పని చేశాక, నా ఎదురుగానే ఆరు ఇడ్లీలు తింది. (నాకు మాత్రం మంచినీళ్లే.) మర్నాడు డబ్బాతో పెళ్లిపెద్దలా నవ్వుతూ వచ్చింది.

ఆ రోగం మళ్లీ నా వంక చూడలేదు. అక్క పోయి రెండేళ్లయింది. నేనింకా ఒంటిగదిలోనే ఉన్నాను, ఒక్కడికి వండుకోవాలంటే బద్ధకం. వంట ఆలస్యమైన రోజున కడుపు గుర్రుమంటుంది. అప్పుడు ఎవరూ లేని ఆ గదిలో పైకే అంటాను, “ఉండవే అక్కా, పెడతన్నాను.”