అయ్యగారి ప్రార్థన, మా మరిది తెచ్చిన క్రాకు

ఆ రోజుల్లో పలాసలో కంప్యూటరంటే చెప్పులు బయట విప్పి, తలుపు మెల్లగా తోసి, లోపలికెళ్ళి చూడాల్సిన వస్తువు. ఇప్పుడు నువ్వు దాన్ని ఒళ్ళో పెట్టుకుని, జంతికలు నములుతూ నేను చెప్పిందల్లా కొట్టేస్తున్నావు గానీ (ముక్కలు మీటల్లో పడుతున్నాయి, చూసుకో), మా కొట్టులో దానికి పూలపూల గుడ్డ కూడా కప్పేవాళ్ళం. అప్పటికి మీ అమ్మ బళ్ళో చదువుతోంది. మీ తాతయ్య స్టేషన్ రోడ్డులో డీటీపీ కొట్టు పెట్టి, తనకి టైపింగు రాదు కాబట్టి నన్ను కుర్చీలో కూర్చోబెట్టారు. మా అత్తగారికి అది సుతరామూ నచ్చలేదు. "కోడలు బజార్లో కూకోని టకటకలాడిత్తే ఇంట్లో పొయ్యెవులు ఎలిగిత్తారు?" అనేవారు. చివరికి ఒక మాట మీదికి వచ్చారు. మా చర్చి కోతల పండగ పుస్తకం నేనే వెయ్యాలి. అది సరిగ్గా వస్తే కుర్చీ నాది, రాకపోతే పొయ్యి నాది.

పుస్తకంలో పాటలతో చిక్కు లేదు, అవి అందరికీ నోటికొచ్చు. అయితే అయ్యగారు (మా పాస్టరుగారిని అలాగే అనేవాళ్ళం) ఆ ఏడు కొత్తగా ఒక ప్రార్థన రాశారు. ఒక వాక్యం ఆయన చదివితే, తర్వాతిది సంఘమంతా పుస్తకం చూసి చదవాలి. నేను టైపు చేసి, కాగితం మీద తీసిస్తే, ఆయన వాక్యాల పక్కన ఎర్రసిరాతో దిద్దుబాట్లు రాసిచ్చారు. దిద్దుదామని కూర్చునేసరికి తెలుగు అక్షరాల సాఫ్ట్‌వేరు గడువు తీరిందని మొరాయించింది. మా మరిది నెట్ సెంటర్‌కి పరిగెత్తి, ఫ్లాపీ ఊపుకుంటూ వచ్చాడు.

"వదినా, క్రాకు దొరికింది!"

"ఎవుడు మరిదీ? ఆడికి మన కొట్టులో ఏటి పని?" అన్నాను. (మన వైపు క్రాకంటే బుర్ర తిరిగినవాడే కదమ్మా.)

"మనిషి కాదొదినా! సాఫ్ట్‌వేరు తాళం ఊడదీసేది. ఊరికినే ఇచ్చినాడు."

"ఎవుడిచ్చినాడు?"

"ఎవుడో, మనకెందుకు? ముందు యాంటీవైరస్ ఆపెయ్యమని రాసినాడు. అదుంతే ఇది పని సెయ్యదంట."

"దానికేటి, సుట్టాలొత్తే కుక్కని కట్టెయ్యమా!" అని నా చేత్తో నేనే ఆపేశాను. వచ్చినవాడు చుట్టమో దొంగో చూద్దామని ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు. క్రాకు తెరవగానే టింగుటింగుమని సంగీతం మొదలైంది. ఎదురు కొట్టాయన కూడా వచ్చి తలూపుతూ విన్నాడు. తాళం ఊడింది. టీలు తెప్పించుకున్నాం.

మర్నాడు పొద్దున్న చూస్తే సీడీ పెట్టే అర నాలుకలాగా బయటికీ లోపలికీ ఆడుతోంది. ఫైళ్ళ పేర్లున్నాయి, లోపల ఒక్క అక్షరం లేదు. ఉన్న ఒక్క నకలు ఫ్లాపీ కూడా కంగారులో దాని నోట్లోనే పెట్టాను, వైరస్ దాన్నీ మింగేసింది. (మరిది ఈమెయిల్ నుంచి తెలిసినవాళ్ళందరికీ ఇంగ్లీషులో ఏవేవో పిచ్చి ఉత్తరాలు వెళ్ళాయి. అతనికి అప్పుడు సంబంధాలు చూస్తున్నారు. ఆ గొడవ వేరే.) బాగుచేసే ఆయన బరంపురం నుంచి రావాలి, పండగేమో తెల్లారితే.

"దిద్దుబాటు కాయితాలున్నాయి కదొదినా, అయ్యే జెరాక్స్ తీసేద్దాం" అన్నాడు మరిది. ప్రాణం లేచొచ్చింది. తీసి, పిన్నులు కొట్టి, పట్టుకెళ్ళాం. జెరాక్సు మిషనుకి ఎరుపైనా నలుపైనా ఒకటేనని నాకు చర్చిలో కూర్చున్నాక తెలిసింది.

అయ్యగారు తన చేతిరాత కాగితం పట్టుకుని గంభీరంగా మొదలుపెట్టారు. "ప్రభువా, మా కొబ్బరితోటలను దీవించుము."

సంఘమంతా ఒక్క గొంతుతో, "మా జీడితోటలకు నిండు పూతనిమ్ము, ఈ అక్షరాలు కొంచెం లావు సెయ్యమ్మా."

అయ్యగారు కళ్ళద్దాలు సర్దుకున్నారు. "సముద్రము మీదనున్న మా వారిని కాపాడుము."

"వారి వలలను నింపుము, ఇది రెండుసార్లు పడింది తీసెయ్."

నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. ముందు బెంచీలో మా అత్తగారి వీపు కదలడం లేదు. ఆమెకి చదువు రాదు, పక్కవాళ్ళని విని అందరికంటే గట్టిగా అంటున్నారు.

"మమ్మును మన్నించుము," అన్నారు అయ్యగారు, కొంచెం భయంగానే.

"మా పాపములు మిక్కిలి గొప్పవి, వీటిని సిన్న అక్షరాల్లో వెయ్యమ్మా."

ముందు నవ్వింది అయ్యగారే. "ఏ సైజులో వేసినా ఆయన సదువుకుంతాడులే. ఆమెన్!" అన్నారు. ఇక ఆ నవ్వులు ఆగడానికి రెండు పాటలు పట్టాయి.

తిరుగు ఆటోలో అత్తగారు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని పేజీలు తిప్పుతున్నారు. కొబ్బరితోటలన్నీ వెనక్కి పోతున్నాయి, నేను పొయ్యి కేసే వెళ్తున్నాననుకున్నాను. ఉన్నట్టుండి అడిగారు.

"నవ్వితే నవ్వినారు గానీ, ఒక్కరూ తడుంకోలేదే. నువ్వు కొట్టిన అచ్చరాలే గదా అయ్యి?"

"అవునత్తా."

"రేపు కొట్టు ఎన్నింటికి తీత్తావు?"

ఆ పిల్ల, అంటే అప్పటి నేను, కొంగు మొహానికి అడ్డం పెట్టేసుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో దానికే తెలియదు. ఇప్పుడు తలుచుకుంటే, ఆ ఆటోలో కాస్త జరగమని దాని పక్కన కూర్చుని, మొహం తుడిచి రావాలనిపిస్తుంది.