ఎర్రమన్ను గీత

తిరుత్తణి పాత్రల అంగడి కోడలు అర్చనకు తెలుగు రాయను రాదు, చదివేది అరవమే. నోరు తెరిస్తే మాత్రం వకీలు కూడా నోరు మూసుకోవాల. ఆ నోటితోనే ఫోనులో మాట్లాడి పంపతా ఒక గ్రూపు నడిపింది. పేరుకు ముగ్గుల గ్రూపు. లోపల నలభైమంది ఆడవాళ్ళు. మొగుడు కొడితే యాడికి పోవాల, కేసు ఎట్లా పెట్టాల, అన్నీ అందులోనే. ఒకరి మొగం ఒకరు చూసింది తక్కువ, అయినా అక్కా అంటే అక్కే.

రోజూ పొద్దున్నే అందురూ ముగ్గు ఫోటో పెట్టాల. చుట్టూ ఎర్రమన్ను గీత ఉంటే క్షేమం. లేకుంటే ఆమె ఫోన్ని ఇంకెవురో చూస్తా ఉండారని అర్థం. ఏమీ అడక్కుండా ఆమెను గ్రూపులోంచి తీసేయాల. మళ్ళీ చేరాలంటే నేరుగా వచ్చి మాట్లాడాల. ఈ కట్టుబాటు పెట్టింది అర్చనే.

మొన్న ఆమె మొగుడు శ్రీరాఘవ్ అన్నం తింటా అన్నాడు: "మా తమ్ముడి పెళ్ళాం ఉషా తిరువళ్ళూరులోనే ఉండాదంట. వీధి తెలిస్తే చాలు, వాడే పోయి ఈడ్చుకొస్తాడు."

అర్చన చేతిలో గరిటె ఆగిపోయింది. దెబ్బలు తాళలేక పారిపోయిన ఉషాను అక్కడ దాచింది గ్రూపు ఆడవాళ్ళే. ఆ సంగతి ఇంకెవురికీ తెలీదు. సాయంత్రం కాఫీ తీసుకొని అంగడికి పోతే, ఆర్డర్లు చూసేదానికని తానే తన ఫోను కలిపిచ్చిన అంగడి కంప్యూటర్లో గ్రూపంతా తెరిచి ఉండాది. పాపిష్టిదాన్ని, నేనే కదా దొంగ చేతికి బీగంచెవి ఇచ్చింది అని కుమిలిపోయింది. విడదీస్తే తెలిసిపోతుంది, ఫోను లాక్కుంటాడు. గ్రూపులో చెబుదామంటే అదీ వింటాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. తెల్లారితే గ్రూపులోని తిరువళ్ళూరు కవిప్రియ, ఉషాకు గుడ్డలు చేర్చేదానికి వీధి పేరు గ్రూపులో పెడతానని చెప్పి ఉండాది.

పొద్దున అర్చన అందరికంటే ముందు చుక్కలు పెట్టి పద్మం వేసింది. ఎర్రమన్ను గిన్నె పక్కనే ఉండాది, ముట్టలేదు. ఫోటో పెట్టింది. రెండు నిమిషాల్లో కవిప్రియ ఆమెను తీసేసింది. ఒక్క మాటా లేదు. ఏడుపొచ్చింది, కానీ వీధి పేరు ఇంక ఆ కంప్యూటర్లో పడదు, ఉషా దక్కింది.

మధ్యాహ్నం శ్రీరాఘవ్ మొగం ముడుచుకొని వచ్చినాడు. గ్రూపు ఏమైందని అడిగితే తాను దొంగతనంగా చూసిన సంగతి బయటపడుతుంది, అందుకని అడగలేదు.

"ఏమండి, తిరువళ్ళూరు వీరరాఘవస్వామికి మొక్కుండాది. రైలెక్కి పోయొస్తా," అంది అర్చన.

"నేనూ వస్తాలే," అన్నాడు కంచం వైపే చూస్తా.

"ఇప్పుడేం తొందర, ఇంకోసారి చూద్దాంలే," అనేసింది. మొగుడు వెంట వస్తే కవిప్రియను కలిసి మాట్లాడేది ఎట్లా.

మర్నాడూ ముగ్గు వేసింది. గీత ఏదే అని అత్త అడిగితే మన్ను అయిపోయిందని చెప్పింది. గిన్నె నిండా ఉండాది. చూసేవాళ్ళు ఎవురూ లేకపోయినా, క్షేమమని గీసేదానికి ఆమెకు చెయ్యి రాలేదు.