పగుల్లో పసుపు

మొన్న కంటి పరీక్షకని మైదుకూరు పోయి, బస్సు కోసం నాలుగు రోడ్ల దగ్గర టీ అంగట్లో కూర్చుంటే, ఎదురుగా స్తంభానికి కట్టిన శ్రద్ధాంజలి ఫ్లెక్సీ ఒకటి కనబడింది. కళ్లలో మందు వేసి ఉన్నందువల్ల బొమ్మ మసకగా ఉంది గానీ కింద అక్షరాలు పెద్దవి: చన్నీళ్లప్ప. ఆయన అసలు పేరేమిటని టీ పోసే అతన్ని అడిగాను. "అదే పేరు కదప్పా, ఇంగేం పేరుంటాది?" అన్నాడు. గ్లాసు బల్ల మీద పెట్టేశాను. ఆ పేరు ఆయనకు కన్నవాళ్లు పెట్టింది కాదు, నేను పెట్టింది.

నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో ట్రాక్టరు ఇంజను బ్లాకు పగిలితే కొత్తది తెప్పించే మాటే లేదు, అతికించి వాడుకోవలసిందే. ఆ పనిలో మా మేనమామకు చుట్టుపక్కల పేరుండేది. ఆయన షెడ్డులో నేను పని నేర్చుకుంటూ, చేతి పని కన్నా నోటి పని ఎక్కువ చేస్తూ ఉండేవాణ్ణి. పగలంతా పగుళ్లే, బతుకంతా అతుకులే అని ఇట్లాంటివి పూటకు పది విసిరేవాణ్ణి. మామ నవ్వేవాడు కాదు, వచ్చినవాళ్లు నవ్వేవాళ్లు, నాకది చాలేది.

ఒక ఎండాకాలం మా పెద్దనాయన తన పాత ట్రాక్టరును ఎద్దులకు కట్టి లాగించుకొని వచ్చాడు. ఎద్దులు కొంచెం గర్వంగానే నడిచినట్టు గుర్తు. వెనకాలే తలవంచుకొని ఆయన డ్రైవరు. చేరి అప్పటికి వారమే అయింది, పేరు అడగకుండానే అందరం డ్రైవరన్న అనేవాళ్లం. దుక్కి మధ్యలో ఇంజను పొగలు కక్కితే, ఉడుకు మీదే చన్నీళ్లు పోశాడనీ, అందుకే బ్లాకు పక్కన జానెడు పొడుగున పగిలిందనీ పెద్దనాయన తీర్మానించాడు.

"ఆరినాంకనే పోసినా సామీ. చెయ్యి పెట్టి చూసినా."

"ఇంజనుకు జొరమొచ్చిందని తడిగుడ్డ ఏసినావేమిరా? పగలగొట్టినోడివి నువ్వే కూర్చోని కొలిమి తిత్తి ఊదు. అతుకు పడినాంక నీ దావ నువ్వు చూసుకో."

పోత ఇనుము పగులును ఊరికే అతికిస్తే నిలవదు. ముందు పగులు ఎందాకా పోయిందో చూసి రెండు కొనల్లో చెరొక చిల్లు వేయాలి, లేకపోతే అతుకును దాటుకొని అది ఇంకా ముందుకు పాకుతుంది. తర్వాత పొడుగునా గాడి తీసి, బ్లాకునంతా బొగ్గుల మీద కాల్చి, అతికించి, మర్నాటి దాకా బూడిదలో పూడ్చిపెట్టాలి. ఇంజను విప్పి బ్లాకును కిందికి దించాక, చిల్లులు వేసి గాడి తీసే పని మామ నాకు అప్పజెప్పాడు.

కొత్తగా పగిలిన పోత ఇనుము లోపల మెరుస్తుంది. ఇది మెరవలేదు. లోపలంతా తుప్పు, తుప్పు మధ్యన గట్టిగా పేరుకున్న పసుపు. వంటింటి పసుపే. రేడియేటరులో నీళ్లు నిలవకపోతే గుప్పెడు పసుపు పోసి నడిపించడం మావైపు అందరికీ తెలిసిన వైద్యం. అంటే ఈ పగులు నెలల నాటిది, ఎవరో తెలిసే మూశారు. అప్పట్లో ఆ ట్రాక్టరు నడిపింది పెద్దనాయన కొడుకు, నాకు అన్న.

తిత్తి ఆపి డ్రైవరన్న కూడా చూశాడు. "పసుపు ఉండాది చూడప్పా," అన్నాడు మెల్లగా. "నేను చెబితే నమ్మరు, నువ్వు చెబితే వింటారు. ఈ మాట నా మీద పడిందంటే ఇంగెవురూ నాకు బండి ఇయ్యరు."

మామ నా వైపు చూశాడు. షెడ్డు ఉన్న స్థలం పెద్దనాయనది. మామ కిరసనాయిలు గుడ్డ తీసి నా చేతికిచ్చాడు. నేను తుడిచాను. నా జన్మలో మరే పనీ అంత శుభ్రంగా చేయలేదు.

అక్కడితో ఆగి ఉంటే పిరికితనమని సరిపెట్టుకునేవాణ్ణి. కానీ పెద్దనాయన, ఆయనతో నలుగురు రైతులు లోపలికి వచ్చి, "ఏమిరా, ఏం తేలింది?" అన్నారు. డ్రైవరన్న నన్నే చూస్తూ ఏదో చెప్పబోయి, చెప్పలేక పెదాలు కదిలించాడు. నా నోరు ఊరుకోలేదు.

"తేలేదేముంది పెద్దనాయనా, నీళ్లే. అప్పుడు నీళ్లు పోసినాడు, ఇప్పుడు నీళ్లు నములుతాండాడు. ఈయప్ప డ్రైవరు కాదు, చన్నీళ్లప్ప."

శానా నవ్వారు. పెద్దనాయన తువ్వాలుతో కళ్లు ఒత్తుకున్నాడు. డ్రైవరన్న మళ్లీ కూర్చొని, అతుకు పూర్తయ్యేదాకా నిప్పు తగ్గనివ్వకుండా తిత్తి ఊదాడు. ఆ సెగ అంత సమంగా ఉండబట్టే అతుకు అంత బాగా కుదిరిందని తర్వాత మామ అన్నాడు.

పేరు నా కన్నా ముందు ఊళ్లు తిరిగింది. ఆయన ఎక్కడికి పనికి పోయినా, "చన్నీళ్లప్పవా? మా ఇంజను బాగుండాదిలే నాయనా" అని గడప దగ్గరే పంపేసేవాళ్లట. ఆఖరుకు మంగంపేటలో ముగ్గురాయి గనుల్లో రాళ్లెత్తే పనికి చేరాడు. ఏళ్ల తర్వాత ఒకసారి బస్సులో కనబడ్డాడు, ఒళ్లంతా బూడిద రంగు పొడి. జరిగి నాకు చోటిచ్చాడు.

"ఏమప్పా, ఆ బ్లాకు కారుతాండాదా?"

"లేదన్నా."

"మంచిదేలే."

అంతే. కాసేపటికి కండక్టరు "చన్నీళ్లప్పా, నీ స్టేజీ" అని కేకేస్తే, ఆయన "ఆ" అని పలికి దిగిపోయాడు. ఆ పలకడం నన్ను ఈనాటికీ వదల్లేదు.

ఇప్పుడు మైదుకూరులో బ్లాకు అతికించే షెడ్డు నాకు కనబడలేదు. పగిలినదాన్ని పక్కన పడేసి కొత్తది బిగిస్తున్నారు, లోపల తుప్పుందో పసుపుందో చూసే పని ఎవరికీ లేదు. మా కాలంలో అయితే ప్రతి పగుల్లోకీ తొంగి చూసేవాళ్లమని నా తోటివాళ్లు గొప్పగా చెప్పుకుంటుంటే నేనూ తల ఊపుతుంటాను. చూసిన మాట నిజమే కదా. ఆ ట్రాక్టరు పాత సామానుకు పోయేదాకా ఆ అతుకు చుక్క కారలేదు. నేను వేసిన రెండు చిల్లులు ఇనుములో పగులును అక్కడికక్కడే ఆపాయి. మాట విషయంలో ఆ చిల్లు ఎక్కడ వేయాలో మాత్రం నాకు ఎవరూ నేర్పలేదు, నేనూ అడగలేదు.

బస్సు వచ్చింది. లేచి కూడా నేను ఫ్లెక్సీ వైపే చూస్తుంటే టీ అతను, "ఏం పెద్దాయనా, అచ్చుతప్పు పడిందా?" అన్నాడు.

"అచ్చుతప్పు కాదప్పా," అన్నాను. అచ్చంగా నా తప్పు అనే మిగతా సగం చెప్పలేక, నీళ్లు నములుతూ బస్సెక్కాను.