కెమెరా దించని బురుల్

కొండల్లోని నారిన్ ఊళ్లో బురుల్ అంటే ముందుపన్ను లేని కెమెరా పిల్ల. తల తీసేసిన మేక కళేబరం కోసం మగాళ్లు గుర్రాల మీద కుమ్ముకునే ఆట ఒకటుంది. బరి అంచున మోకాళ్ల మీద కూర్చుని ఆ ఆటను వీడియో తీస్తుంటే గుర్రం మీదికొచ్చి, డెక్క తగిలి పన్ను ఊడింది. నోట్లోంచి నెత్తురు కారుతున్నా కెమెరా దించలేదు. ఇంటికెళ్లాక తండ్రి జుట్టు పట్టుకుని రెండు వాయించాడు.

"మగరాయుడిలా ఆ బరి దగ్గర నీకేం పనే? పన్ను లేనిదాన్ని ఎవడు చేసుకుంటాడు?"

"సినిమా తియ్యడానికి పన్నెందుకు నాన్నా?" అంది. దానికి ఇంకో రెండు పడ్డాయి.

సొంత సినిమా తీయాలి, అదీ ఎవడి పెత్తనమూ లేకుండా. అదే ఆమె పిచ్చి. రాజధాని బిష్కెక్‌లో ఒక స్టూడియోలో కొన్నాళ్లు వైర్లు మోసింది. అక్కడి పెద్దమనుషులకు పాటలూ నవ్వులూ కావాలి. ఈమెకేమో తన కొండల్లో మనుషులు ఒకరినొకరు ఎలా బాదుకుంటారో ఉన్నదున్నట్టు చూపించాలని. పొసగక తిరిగొచ్చేసి, పొట్టకూటికి పెళ్లి వీడియోలు తీసేది. ఏం జరిగినా చెయ్యి వణకదని పేరు.

ఆ పేరు వినే ఎర్కిన్ పిలిచాడు. తమ్ముడి పెళ్లట, కోడలు ఇంట్లో అడుగుపెట్టేది తియ్యాలట. బురుల్ వాకిట్లో కెమెరా సర్దుకుంటుండగా కారొచ్చి ఆగింది. నలుగురు మగాళ్లు ఒక పిల్లను కాళ్లూ చేతులూ పట్టి బయటికి లాగారు. కాలేజీ నుంచి వస్తున్న మేరిమ్‌ను దారికాచి ఎత్తుకొచ్చారు.

పిల్లను ఎత్తుకొచ్చి పెళ్లాడటం అక్కడ కొత్త కాదు. బురుల్ తల్లి కాపురానికొచ్చిందీ అలాగే.

లోపల ఆడవాళ్లు తెల్ల తలగుడ్డ పట్టుకుని మేరిమ్ మీద పడ్డారు. అది తలకు కట్టించుకుందంటే పెళ్లికి ఒప్పుకున్నట్టే. మేరిమ్ ఒకామె చెయ్యి కండ ఊడేలా కొరికింది. కొరికించుకున్నామె ఎడాపెడా పిల్ల చెంపలు వాయించింది. పిల్ల ముక్కులోంచి కారిన నెత్తురు తలగుడ్డకంటింది.

"ఏడవ్వే, మేమూ ఇలాగే ఏడ్చాం. ఏడుస్తూ వచ్చినదే సుఖపడుతుంది," అంది ముసలావిడొకతె, చాలా ప్రేమగా.

గుమ్మం బయటినుంచి బురుల్ అంతా తీస్తోంది. ఇన్నేళ్లుగా వెతుకుతున్న సినిమా ఇదేననిపించింది. నిజం చెప్పాలంటే సంతోషపడింది.

మేరిమ్ విదిలించుకుని గుమ్మం దాకా వచ్చేసింది. అంతలో పెళ్లికొడుకు నాయనమ్మ ఉల్జాన్ గడపకు అడ్డంగా పడుకుంది. పెద్దవాళ్లను దాటిన ఆడదానికి వాళ్ల శాపం జన్మంతా తగులుతుందని అక్కడ అందరి నమ్మకం. మగాళ్ల బలానికి లొంగని పిల్ల ఆ ముసలి ఒంటి ముందు ఆగిపోయింది.

"దాటు, చూస్తాను. నీ కడుపు పండదు," అంది ఉల్జాన్.

మేరిమ్ బయటికి చెయ్యి చాపింది. "అక్కా, చెయ్యివ్వు."

బురుల్ రెండు చేతులూ కెమెరా మీదే ఉన్నాయి. ఇది పూర్తయితే లోకమంతా చూస్తుంది, రేపు ఇంకో పదిమంది పిల్లలు బతుకుతారు అని తనకు తాను చెప్పుకుంది. ఎదురుగా ఉన్న ఒక్క పిల్ల చెయ్యి గాల్లోనే ఉంది. బురుల్ కెమెరా కింద పెట్టి ఆ చెయ్యందుకుని లాగింది.

"ఆ శాపమేదో నాకు పెట్టవ్వా. పన్ను లేనిదాన్ని, నాకెలాగూ పెళ్లి కాదు."

ఎర్కిన్ కట్టెల గొడ్డలి తిరగేసి కెమెరాను, అందులో తీసినదాంతో సహా, పిండి పిండి చేశాడు. తర్వాత మేరిమ్ వెంట పడబోతే బురుల్ అతని కాలు వాటేసుకుంది. అతను రెండో కాలితో తన్నాడు. పక్కటెముక విరిగిన చప్పుడు ఆమెకే వినబడింది. మేరిమ్ రోడ్డెక్కి లారీ ఆపేదాకా బురుల్ ఆ కాలు వదల్లేదు.

మేరిమ్ తల్లిని వెంటబెట్టుకుని బురుల్ ఉన్న ఆస్పత్రికి వచ్చింది. బురుల్ చేతులు పట్టుకుని చాలాసేపు ఏడ్చింది.

"ఇంకో కెమెరా అడిగి తెస్తాను. జరిగిందంతా దాని ముందు చెప్తావా చెల్లీ?" అంది బురుల్.

మేరిమ్ ఆ చేతులు వదిలేసింది. తల్లే జవాబిచ్చింది.

"ఏం జరిగిందని చెప్పడం? మా పిల్ల ఆ ఇంటి గడపే తొక్కలేదు. రేపు దానికి పెళ్లి కావాలి కదమ్మా."

వాళ్లు వెళ్లిపోయాక బురుల్ గోడవైపు తిరిగి బావురుమంది. పిల్లను లాగినందుకు ఆమెకు రవ్వంత విచారం లేదు. ఏడ్చింది కెమెరా కోసం.