కరెంట్ ఎక్కడిదాకా వస్తోంది?

మా వీధి చివరింటాయన ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోతూ, గ్యారేజీలోని సామానంతా డ్రైవ్‌వేలో పరిచి అమ్మకానికి పెట్టాడు. నేను తోటకి నీళ్లు పట్టే పైపు ఉంటుందేమోనని వెళ్లాను. వచ్చేటప్పుడు మోటార్‌సైకిల్‌తో వచ్చాను. మోటార్‌సైకిల్ అనడం కొంచెం ఎక్కువే. ఒక ఫ్రేము, రెండు చక్రాలు, చెక్కపెట్టెలో ఇంజను, మిగతావన్నీ నాలుగు ప్లాస్టిక్ డబ్బాల్లో. నేను పుట్టకముందు తయారైన రెండు సిలిండర్ల బండి. ఆయన బాగుచేద్దామని విప్పాడట. మళ్లీ బిగించడానికి ఇరవై ఏళ్లుగా తీరిక దొరకలేదట.

మావారు డబ్బాల్లోకి తొంగి చూసి, "పైప్ ఏదీ?" అన్నారు.

"మర్చిపోయాను."

"ఇది స్టార్ట్ అవుతుందా?"

"ఎందుకవదు?"

ఆయన గ్యారేజీకేసి ఒకసారి, తన కారుకేసి ఒకసారి చూశారు. తన కారు మంచులో పెట్టుకోవాల్సి వస్తుందని ఆయనకి అప్పుడే అర్థమైపోయినట్టుంది.

నేను చదివింది ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్. ఈ దేశం వచ్చి ట్రాయ్ ఊళ్లో స్థిరపడిన దగ్గర్నుంచి చేస్తున్నది ఎలక్ట్రిక్ కార్ల బ్యాటరీలు టెస్ట్ చేసే ఉద్యోగం. పని అంతా స్క్రీన్ మీదే; చేతికి మసి అంటదు. అందుకే కాబోలు, ఆ చలికాలమంతా శనివారం వచ్చిందంటే గ్యారేజీలో చిన్న హీటర్ పెట్టుకుని, బోల్టులు కిరసనాయిల్లో కడుక్కుంటూ మహా సంతోషంగా గడిపాను. ఫ్రేమును బయట ఒక షాపుకిచ్చి రంగు వేయించాను. నెమలికంఠం రంగు. పొడి చల్లి కొలిమిలో కాల్చే రకం, గోరుతో గీకినా గీత పడదు. అది ఇంటికొచ్చిన రోజు మావారు కూడా చెయ్యి వేసి నిమిరి, "చీరలా ఉందే" అన్నారు.

ఏప్రిల్ చివరికి బండి బండిలా నిలబడింది. పెట్రోలు పోసి, తాళం తిప్పి, కిక్ కొట్టాను. ఉలుకూ పలుకూ లేదు. ఇంకో ఇరవైసార్లు కొట్టాను. హెడ్‌లైట్ మాత్రం చక్కగా వెలుగుతోంది. స్పార్క్ ప్లగ్గులు విప్పి, ఇంజనుకి ఆనించి పెట్టి, మళ్లీ కొట్టి చూశాను. కొసన నీలంగా ఒక రవ్వ దూకాలి. రెంట్లోనూ దూకలేదు.

ఈ పాత బండ్లలో స్పార్క్ పుట్టే పద్ధతి తేలికే. బ్యాటరీ నుంచి కరెంట్ కాయిల్‌కి వస్తుంది. కాయిల్ దాటి పాయింట్లు అనే చిన్న స్విచ్‌లోంచి ఇంజను ఇనుములోకి, అక్కణ్నుంచి ఫ్రేము మీదుగా మళ్లీ బ్యాటరీకి చేరుతుంది. ఇంజను తిరుగుతుంటే ఆ పాయింట్లు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి. తెరుచుకున్నప్పుడల్లా కాయిల్ ఒక్క ఉదుటున వేల వోల్టులు పుట్టించి ప్లగ్గుకి పంపుతుంది. సిలిండర్‌కొకటి చొప్పున కాయిల్, పాయింటు. అంతే. మా ల్యాబ్‌లో కొత్తగా చేరిన వాళ్లకి పావుగంటలో నేర్పేయొచ్చు.

మల్టీమీటర్ తీసి అన్నిచోట్లా పెట్టి చూశాను. ఎక్కడ పెట్టినా పన్నెండు వోల్టులకి పైనే. కరెంట్ బ్రహ్మాండంగా ఉంది, స్పార్క్ లేదు. అంటే పార్టులే పోయి ఉండాలి అనుకున్నాను. మొదటి శనివారం ప్లగ్గులు మార్చాను. రెండోవారం పాయింట్ల పక్కనుండే కండెన్సర్లు. మూడోవారం కాయిల్సే మార్చేశాను. మార్చినప్పుడల్లా ఇదేనని నమ్మాను. కుడికాలి పిక్క రాయిలా తయారైంది తప్ప బండి మాత్రం మాట్లాడలేదు.

ఆ మూడో శనివారం పొద్దున, తొమ్మిది గంటలవేళ, గ్యారేజీ గుమ్మంలో ఎవరో నిలబడ్డట్టు అనిపించి తలెత్తాను. మా వెనక వీధిలో కూతురి దగ్గర ఉండే ఆంటీ. అరవై ఎనిమిదేళ్లుంటాయి. కాటన్ చీర మీద కూతురి కాలేజీ నాటి జర్కిన్, కాళ్లకి తెల్లటి వాకింగ్ షూస్. రోజూ అదే వేళకి మా ఇంటిముందు నుంచి నడిచి వెళ్తారు. చెయ్యి ఊపుకోవడమే తప్ప ఎప్పుడూ పెద్దగా మాట్లాడుకున్నది లేదు.

"ఏమ్మా, ఇంకా పలకట్లేదా?"

"మీకెలా తెలుసాంటీ?"

"మూడు శనివారాల్నుంచి వింటున్నాగా. కొడతావు, కొడతావు, ఆగుతావు. స్టార్టయితే ఆగవు కదా." లోపలికొచ్చి బండి చుట్టూ ఒకసారి తిరిగారు. "కరెంట్ ఎక్కడిదాకా వస్తోంది?"

నేను వరసగా చెప్పుకొచ్చాను. ప్లగ్గులు కొత్తవి, కండెన్సర్లు కొత్తవి, కాయిల్స్ నిన్ననే వచ్చాయి.

"నువ్వేం మార్చావో చెబుతున్నావు తల్లీ. నేనడిగింది అది కాదు."

అప్పుడు తెలిసింది. ఆవిడ గోదావరి జిల్లాలో ఒక టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ముప్ఫై ఏళ్లు పనిచేశారు. టెస్ట్ డెస్క్ అంటారట. ఫోన్ పోయిందని ఎవరైనా కంప్లయింట్ ఇస్తే, ఆ లైన్‌ని తన బల్లకి కలుపుకుని, కరెంట్ పంపి, తప్పు ఎక్స్ఛేంజ్‌లో ఉందా, దారిలో స్తంభం దగ్గర ఉందా, వాళ్లింట్లోనే ఉందా చెప్పడం ఆవిడ పని.

"రెండు కొసల్నుంచీ వెతుక్కుంటూ పోతే తెల్లారిపోతుందమ్మా. మధ్యలోకి వెళ్లి అడగాలి. అక్కడిదాకా బాగుంటే, అవతల సగంలోనే ఉంది తప్పు. మళ్లీ దాని మధ్యకి వెళ్లు."

"అన్నిచోట్లా చూశానాంటీ. అన్నిచోట్లా ఫుల్ వోల్టేజ్ ఉంది." మీటర్ అందించాను.

ఆవిడ జర్కిన్ జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని, దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "ఇది కరెంట్‌తో పనిచేయించి చూస్తుందా, ఊరికే వాసన చూసి చెబుతుందా?"

నాకు చెవులు వేడెక్కాయి. మీటర్ తనకోసం దాదాపుగా కరెంటేమీ తీసుకోదు. వెంట్రుకవాసి తగిలినా చాలు, పన్నెండు వోల్టులూ చూపించేస్తుంది. కాయిల్ అలా కాదు. దానికి కరెంట్ ధారగా కావాలి. ఈ సంగతి ల్యాబ్‌లో నేను పదిమందికి చెప్పినదే. నా గ్యారేజీలో నాకే గుర్తు రాలేదు.

"బల్బు లేదూ?" అన్నారు ఆంటీ.

డబ్బాలో పాత ఇండికేటర్ బల్బు దొరికింది. దానికి రెండు వైర్లు అతికించాను. ముందు కాయిల్ దగ్గర పెట్టి, రెండో కొస బ్యాటరీ మైనస్‌కి ఆనించాం. భగ్గున వెలిగింది. "ఇక్కడిదాకా బాగుంది. ఇప్పుడు తిరిగి వెళ్లే దారి చూడు," అన్నారు. ఒక వైరు బ్యాటరీ ప్లస్‌కి, ఇంకోటి ఇంజనుకి పెట్టాను. బల్బులో తీగ మాత్రం అగరుబత్తి కొసలా ఎర్రగా కనిపించింది, అంతే.

తర్వాత ఆవిడ ఇంజను ఫ్రేముకి బిగించిన చోట వేలు పెట్టి, నున్నటి ఆ నెమలికంఠం రంగుని నెమ్మదిగా తడిమారు.

"ఎంత ముచ్చటగా వేయించావమ్మా! పాపం కరెంట్‌కి నడవడానికి దారే లేదు."

నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. నా బండి మొత్తానికి నేను గర్వంగా చూపించుకునేది ఆ రంగే. ముందు రూఢి చేసుకుందామని ఇంజనుకీ బ్యాటరీకీ మధ్య విడిగా ఒక వైరు తగిలించాను. బల్బు కళ్లు చెదిరేలా వెలిగింది. అనుమానం లేదు. ఇంజను తగిలే మూడు బోల్టుల దగ్గరా రంగు గీకి ఇనుము తేల్చాల్సిందే.

ఉప్పుకాగితం చేతిలో పట్టుకుని నేను తటపటాయిస్తుంటే, "ఇలా ఇవ్వు," అన్నారు ఆంటీ.

"మీ చేతులు పాడవుతాయాంటీ, నేను చేస్తాను."

"ముప్ఫై ఏళ్లు తప్పు ఎక్కడుందో చెప్పానే గానీ, ఒక్కటీ నా చేత్తో బాగుచెయ్యలేదమ్మా. నేను ఫోన్లో ఫలానా స్తంభం అనేదాన్ని, లైన్‌మన్ సైకిలెక్కి వెళ్లేవాడు. సాయంత్రానికి, అయిపోయింది మేడమ్ అనేవాడు. నాకు ఆ స్తంభం ఎలా ఉంటుందో కూడా తెలీదు."

బోల్టులు విప్పి ఇచ్చాను. ఆవిడ చిన్న పీట లాక్కుని కూర్చుని, చీరకొంగు నడుముకి దోపి, ముప్పావుగంట సేపు మూడు చోట్లా గీకారు. మధ్యలో ఒక్కసారి మాత్రం, "టీ ఉంటే పెట్టు," అన్నారు. బోల్టు తల కింద పైసా బిళ్లంత మేర ఇనుము తెల్లగా మెరిసేదాకా వదల్లేదు. బోల్టులు మళ్లీ బిగించాక రంగు పోయిన సంగతి బయటికి కనిపించను కూడా లేదు.

ప్లగ్గు ఆనించి కిక్ కొట్టాను. టప్ మంటూ నీలిరవ్వ.

"ఏదీ, మళ్లీ?" అన్నారు ఆంటీ, మోకాళ్ల మీద చేతులానించి వంగి. మళ్లీ కొట్టాను. "ఇంతేనా! ఇంత చిన్నదా!" అంటూనే ఇంకో నాలుగుసార్లు కొట్టించారు.

ప్లగ్గులు బిగించి, ఒక్క కిక్ ఇచ్చాను. ఢాం! కార్బ్యురేటర్‌లోంచి మంట నాలుకలా బయటికొచ్చి పోయింది. ఎదురింటాయన గడ్డి కోసే మెషిన్ ఆపి ఇటే చూశాడు. మావారు చెవిలో ఫోన్‌తోనే పరిగెత్తుకొచ్చి, "ఏం పేలింది?" అన్నారు.

"పలికిందయ్యా," అన్నారు ఆంటీ తాపీగా. "కాకపోతే తిట్టింది."

ఈసారి తప్పు నాకు వెంటనే తట్టింది. స్పార్క్ ఉంది, రావలసిన సమయానికి రావడం లేదు. కాయిల్స్ మార్చినప్పుడు కుడివైపు పాయింటు వైరు ఎడమ కాయిల్‌కి, ఎడమది కుడికి పెట్టేశాను. బాగున్న కాయిల్స్ పీకి, కొత్తవి పెట్టి, నా చేతులారా తెచ్చుకున్న తప్పది. ఆంటీకి చెప్పాను. "ఎక్స్ఛేంజ్‌లోనూ ఇదే. ఒకటి బాగుచెయ్యడానికి వెళ్లి పక్కింటి ఫోన్ చంపి వచ్చేవాళ్లు," అని నవ్వారు. వైర్లు అటుదిటు మార్చాను.

రెండో కిక్కుకి బండి లేచింది. ముందు ఒక సిలిండర్, తర్వాత దగ్గుతూ రెండోది. గ్యారేజీ నిండా నీలం పొగ. గోడకి వేలాడుతున్న రెంచీలన్నీ గలగలలాడాయి. ఆంటీ ట్యాంకు మీద అరచెయ్యి పెట్టి, అది వణుకుతున్నంతసేపూ తియ్యలేదు. ఏదో అంటున్నారు గానీ ఆ మోతలో నాకు వినబడలేదు. మావారు ఫోన్‌లో అవతలివాళ్లకి సారీ చెబుతూనే నాకేసి బొటనవేలు పైకెత్తి చూపించారు.

ఇన్సూరెన్సూ, నంబర్ ప్లేటూ వచ్చేసరికి ఇంకో రెండు వారాలు పట్టింది. రెండో హెల్మెట్ కొని, ఒక రౌండు తిప్పుతానని ఆంటీని పిలిచాను. చెప్పిన వేళకి ఆంటీ సల్వార్ కమీజులో దిగారు, వెనకాలే వాళ్లమ్మాయి.

"అమ్మా, సీరియస్లీ? నీ మోకాలి రీప్లేస్‌మెంట్ అయ్యి వన్ ఇయర్ కూడా అవలేదు!"

"కొత్త మోకాలే కదే. పాతదైతే భయపడాలి గానీ."

ఆ అమ్మాయి నావైపు తిరిగి, "ప్లీజ్, స్లోగా వెళ్లండి. ఈ కాలనీ దాటొద్దు," అంది. సరేనన్నాను. నిజంగానే సైకిలంత స్పీడ్‌లో పోనిచ్చాను. ఆంటీ నా భుజాలు పట్టుకుని నిటారుగా కూర్చున్నారు. రెండు మలుపులు తిరిగాక వెనకనుంచి గొంతు వినబడింది.

"ఏమ్మా, దీనికి ఇంకా స్పీడ్ లేదా?"

మెయిన్ రోడ్డెక్కాం. నలభై అయిదు మైళ్ల దగ్గర భుజాల మీది వేళ్లు బిగుసుకున్నాయి. భయపడుతున్నారేమోనని కొంచెం తగ్గించబోతే, "ఊఁ, పోనీ!" అన్నారు. పచ్చటి చెట్లూ, చర్చీలూ, షాపులూ అన్నీ పక్కనుంచి జారిపోతున్నాయి. ఎర్రలైటు పడిన చోట ఆగితే పక్క కారులో పిల్లలు చెయ్యి ఊపారు. ఆవిడ రెండు చేతులూ ఎత్తి ఊపారు.

మేం తిరిగొచ్చేసరికి అనుకున్నదానికన్నా పావుగంట ఎక్కువే అయింది. వాళ్లమ్మాయి మా డ్రైవ్‌వేలో చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ఆంటీ దిగి, గడ్డం కింద హెల్మెట్ పట్టీ ఎంతకీ ఊడక, "తియ్యవే, ఊపిరాడట్లేదు," అన్నారు. ఆ అమ్మాయి కోపంగానే విప్పబోయి, తల్లి మొహం చూసి నవ్వేసింది. హెల్మెట్ తీసి తిప్పి తిప్పి చూసింది. ఎవరైనా చూస్తున్నారేమోనని వీధికేసి ఒకసారి చూసింది. తర్వాత దాన్ని తన తలకే పెట్టుకుని, నా వెనక ఎక్కి కూర్చుంది.