కొండ కింద ఎంత నిప్పుందో

మొన్న ఆగిరిపల్లిలో మా నాన్న మామిడి తోటలో కూర్చుని ఉండగా మా మేనకోడలు ఫోన్‌లో ఓ బొమ్మ చూపించింది. ఎప్పుడో పేలి, నడినెత్తి కూలిపోయి, పెద్ద గిన్నెలా మిగిలిన అగ్నిపర్వతం కింద కరిగిన రాయి ఎంత ఉందో భూకంప తరంగాలతో తీసిన బొమ్మ అది. అత్తా, నువ్వు చేసిన ఉద్యోగం ఇదేగా అంది. ఇదే, కాకపోతే మాకింత తేలిగ్గా తేలలేదు.

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో అలాంటి కొండ మీదే యంత్రాలు పెట్టడానికి విదేశం వెళ్లేవాళ్లలో నా పేరు వచ్చింది. నాన్న ససేమిరా అన్నాడు. నిప్పుల చెరువు మీద ఆడపిల్లని నిలబెడతారా, వాళ్లకి మతి ఉందా అని మా ఆఫీసు మొత్తాన్నీ తిట్టిపోశాడు. ఆయన మొండితనమే నాకూ వచ్చింది కాబట్టి అలిగి అన్నం మానేశాను. చివరికి ఆయన్ని కాయలు మాగేసిన గదిలోకి తీసుకెళ్లాను. వరిగడ్డి తియ్యకుండానే పైన అరచెయ్యి ఆనించి, వేడి పుట్టిన చోట కాయ పండుతోందని చెప్పేవాడాయన. మేమూ తవ్వం నాన్నా, ఎక్కడో భూమి అదిరితే ఆ అదురు కొండ కిందుగా వస్తూ, మెత్తబడ్డ వేడి రాయి దగ్గర నెమ్మదిస్తుంది, ఆ ఆలస్యాన్ని బట్టి లోపలేముందో లెక్క కడతాం అన్నాను. నాన్న గడ్డి మీద అరచెయ్యి ఆనించి చూశాడు. "సరే, వెళ్లు. ఎంత నిప్పుందో ముందు నాకు చెప్పాలి" అన్నాడు.

వెళ్లాను, క్షేమంగానే వచ్చాను. కానీ భూకంపాలు మనం పిలిస్తే రావు కదండీ! అవి వచ్చేదాకా యంత్రాలు అక్కడే ఉండాలి, వాటిలో అదురు నమోదైన టేపులు ఇక్కడికి చేరాలి, ఆ పైన కంప్యూటర్ దగ్గర మా వంతు కోసం కాచుకోవాలి. ప్రతి కాపుకీ నాన్న "ఏమ్మా, తేలిందా?" అనేవాడు, ఇంకా లేదు నాన్నా అనేదాన్ని. మంచం పట్టిన ఏడాది కూడా అదే అడిగాడు, అదే చెప్పాను.

బొమ్మ తేలేసరికి ఆయన సంవత్సరీకం కూడా అయిపోయింది. లోపల చెరువేమీ లేదు, రసం మామిడిలో పీచు మధ్య రసం ఉన్నట్టు, గట్టి రాతి పలుకుల మధ్య కరిగిన రాయి ఊరి ఉంది, అంతే. సభల్లో అందరికీ అర్థమయ్యేలా చెప్పడానికి నానా తంటాలూ పడ్డాను గానీ, నాన్నకైతే ఒక్క మాట చాలేది. ఆ మాట మాత్రం చెప్పలేకపోయాను.

ఇప్పుడు ఈ పని చేస్తున్న మా మేనకోడలి ఈడు పిల్లలకి బొమ్మ ఇట్టే వచ్చేస్తోంది, వెంటనే ఇంటికి పంపేస్తున్నారు కూడా. అదృష్టవంతులు. చెప్పాల్సినవాళ్లు బతికుండగానే చెప్పగలుగుతున్నారు.