మామిడి పాదుల్లో తుపాకి గుండ్లు

నేను ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. ఆ తర్వాత చదివిందంతా నూజివీడు గ్రంథాలయంలోనే. అలా చదువుకున్నానని చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు, కాస్త గర్వమే. ఎనభైల్లో నా పని రెండు రకాలు. వేసవిలో మామిడికాయలు సైజుల వారీగా ఏరి పెట్టెల్లో సర్దించడం, వానలు మొదలయ్యాక ఆగిరిపల్లి దగ్గర ఒక తోటలో పాదులు తవ్వే ఆడవాళ్ళ ముఠాను చూసుకోవడం. సాయంత్రం సైకిలెక్కి నేరుగా గ్రంథాలయానికి పోయేవాణ్ణి.

ఒక ఏడాది, రిటైరైన మిషన్ స్కూలు మాస్టారొకరు తన ఇంగ్లీషు పత్రికల కట్టలన్నీ గ్రంథాలయానికి ఇచ్చేశారు. వాటి జోలికి ఎవరూ పోలేదు. నేను నిఘంటువు పక్కన పెట్టుకుని రోజుకో పేజీ చదవడం మొదలుపెట్టాను. ఒక వ్యాసం దగ్గర ఆగిపోయాను. ఇంగ్లండు రాజు మీద అమెరికా వాళ్ళు తిరగబడినప్పటి యుద్ధభూముల్ని ఇప్పుడు తవ్వి చూస్తున్నారట. ఆ ఊళ్ళలో ప్రతి ఇంటికీ ఒక కథ ఉంటుంది. మా తాత ఇక్కడ నిలబడ్డాడని ఒకరు, కాదు అక్కడని ఇంకొకరు. స్మారకశిల ఒకచోట ఉంటే పోరు జరిగింది మరోచోట అయి ఉండొచ్చు. మట్టిలోని సీసపు గుండ్లు దాన్ని తేలుస్తాయట.

చదువుతుంటే నా ఒళ్ళు ఝల్లుమంది. ఎందుకంటే మా తోటలో కూడా పాదులు తవ్వుతుంటే అలాంటి గుండ్లే దొరికేవి. వెనకటి రోజుల్లో జమీందారు దివాణం మనుషులకూ ఇంగ్లీషు కుంపిణీ సిపాయిలకూ అక్కడ కొట్లాట జరిగిందని ఊళ్ళో చెప్పుకునేవారు. తోట మధ్య గ్రావెల్ దిబ్బ దగ్గర కాపలా పెట్టిన మనిషి తుపాకి పారేసి పరిగెత్తాడని, అందుకే దివాణం వాళ్ళు ఓడారని ఆ కథ. ఆ మనిషి మా ముఠా మేస్త్రీ పూర్వీకుడు. ఆవిడకి అరవై దాటాయి, నేను పెద్దమ్మా అని పిలిచేవాణ్ణి. కాస్త త్వరగా తవ్వండర్రా అని ఆవిడ అంటే చాలు, పక్క సాలులో తవ్వే ఒకావిడ అందుకునేది.

"మీ తాతంత స్పీడు మాకెక్కడొస్తదమ్మా!"

అందరూ నవ్వేవారు. పెద్దమ్మ నవ్వేది కాదు. మనవరాలి పెళ్ళి మాటల్లో కూడా అవతలివాళ్ళు ఆ మాట ఎత్తారట. పెద్దమ్మ వాళ్ళ నాయనమ్మ మాత్రం, ఆయన గుండ్లు అయిపోయేదాకా నిలబడ్డాడనే చెప్పేదట.

"గుండ్లు చూస్తే నిజం తెలుస్తుంది పెద్దమ్మా. నేను తేలుస్తాను," అన్నాను గొప్పగా.

"తేల్చు అబ్బాయ్. పరిగెత్తాడంటే పరిగెత్తాడనే చెప్పు. నేను పోయేలోపు తెలిస్తే చాలు."

ఆ వానాకాలమంతా ఎవరికి గుండు దొరికినా నాకిమ్మన్నాను. ఇరవై మూడు పోగయ్యాయి. చింతపండుతో తోమి, మామిడికాయల్ని ఏరినట్టే సైజుల వారీగా ఏరి, పెట్టెలో వరిగడ్డి పరిచి వరుసగా పేర్చాను. చేతికి అలవాటైన పని అది. ఆ పెట్టె తీసుకెళ్ళి లైబ్రేరియన్ గారి బల్ల మీద పెట్టాను.

ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని చూశారు. "ఏది ఎక్కడ దొరికిందో రాసుకున్నావా?"

"లేదండీ."

"వ్యాసం ఎంతవరకు చదివావు?"

"మూడు పేజీలండీ."

"నాలుగోది కూడా చదివి రా."

నాలుగో పేజీలో ఉంది అసలు సంగతి. గుండు దొరికిన చోటే చిన్న జెండా పాతి, కొలిచి, పటం మీద గుర్తు పెట్టాకే దాన్ని పైకి తీస్తారట. నలగని గుండు కంగారులో తుపాకి నింపుకుంటూ జారవిడిచింది కావచ్చు. అంటే మనిషి అక్కడ నిలబడ్డాడు. నలిగి చప్పిడైనదైతే అవతలివాళ్ళ తుపాకి నుంచి వచ్చి దేనికో తగిలింది. చోటు తెలియకపోతే అది ఒట్టి సీసం ముక్క.  పెద్దమ్మకున్న ఒక్క ఆధారాన్నీ నా చేతులతోనే తోమేశాను.

మర్నాడు పొద్దున్నే ఆవిడతో ఒప్పుకున్నాను. తిడుతుందనుకున్నాను.

"ఏ చెట్టు కింద దొరికిందో చెబితే సరిపోద్దా?" అంది.

మా తోటలో ప్రతి చెట్టుకూ కూలీలు పెట్టుకున్న పేరుంది. కుంటి రసం, పిడుగు చెట్టు, కవల బంగినపల్లి. ఎవరి సాలు వాళ్ళదే, ఏ చెట్టు పాదు ఎవరు తవ్వారో అందరికీ తెలుసు. పెట్టె గట్టు మీద పెడితే అందరూ చుట్టూ మూగారు.

"ఈ సొట్టది నాది. పిడుగు చెట్టు కింద. ఆ రోజే నా చెవి దిద్దు పోయింది."

"ఈ రెండూ నావి. కుంటి రసం మొదట్లో. తేలు కుట్టిన రోజు, మర్చిపోతానా?"

మూడు గుండ్ల దగ్గర వాళ్ళలో వాళ్ళకే తగువొచ్చింది. వాటిని పక్కన పెట్టేశాం. మిగిలినవన్నీ పాత క్యాలెండరు కాగితం వెనక గీసిన తోట పటం మీదకు ఎక్కాయి. దిబ్బకు ముందువైపున్న చెట్ల కింద అన్నీ చప్పిడివి. దిబ్బ వెనక, కుంటి రసం చుట్టూ తొమ్మిది, అన్నీ నలగనివి.

అది చూడగానే నాకు పెద్దమ్మ ముఖం చూసి, నిలబడ్డది మీ తాతే అని చెప్పెయ్యాలనిపించింది. సాయంత్రం పటం చూపిస్తే లైబ్రేరియన్ గారు మాత్రం, "మట్టి చెప్పినంతే రాయి. నీ సొంత మాట కలపకు," అన్నారు. ఆయన దగ్గరే కూర్చుని తెలుగులో అరఠావు రాశాను. ఆ సాయంత్రం ఆయన తలుపులు వేసే వేళ దాటినా నా కోసం ఆగారు.

మర్నాడు మధ్యాహ్నం క్యారేజీలు విప్పిన వేళ పెద్దమ్మ అందరిముందూ చదవమంది. దిబ్బ వెనక ఎవరో నిలబడి తుపాకి నింపుకున్నట్టుంది, ఎదుటివైపు నుంచి గుండ్లు వచ్చి తగిలినట్టుంది అని చదివి ఆగిపోయాను.

"కింద ఇంకో లైను కనపడుతోందిగా. అదీ చదువు," అంది పెద్దమ్మ.

"ఆ నిలబడ్డ మనిషి ఎవరన్నది తెలియదు."

ఆవిడ ముద్ద కలుపుకుంటూ అడిగింది. "పరిగెత్తినందుకు గుర్తేదన్నా ఉందా?"

"పరుగుకి గుర్తుండదు పెద్దమ్మా."

"మరి ఇన్నాళ్ళూ వీళ్ళకెవరు చెప్పారు?"

ఆ ప్రశ్న నా మూడు పేజీల బుర్రకు తట్టనే లేదు.  పక్క సాలు ఆవిడ తన క్యారేజీలోంచి పెద్ద ఆవకాయ ముక్క తీసి పెద్దమ్మ గిన్నెలో వెయ్యబోయింది.

"తిను, నిలబడ్డోడి మనవరాలా."

"ఎవరన్నది తెలీదన్నాడుగా," అంటూనే పెద్దమ్మ గిన్నె ముందుకు జరిపింది.